పొర ముదిరేదాకా ఎందుకు ఆగాలి?

మా అమ్మమ్మ దాదాపు ఐదేళ్లు ఇంట్లో గోడలు తడుముకుంటూ తిరిగింది. కళ్లు చూపించుకోమని ఎవరు చెప్పినా, "పొర ఇంకా ముదరలేదు నాయనా, ముదిరాక తీయించుకుంటాను" అనేది. ఒక రాత్రి కుడికన్ను ఎర్రబడి, భరించలేని నొప్పి వచ్చాక గానీ ఆసుపత్రికి తీసుకువెళ్లలేదు. మితిమీరి ముదిరిన శుక్లం వల్ల కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతిన్నదని, ఆ కంటికి ఇక చూపు రాదని వైద్యురాలు చెప్పారు. ఎడమకంటికి ఆపరేషన్ చేస్తే, కట్టు విప్పగానే మమ్మల్నందరినీ గుర్తుపట్టింది.

ఆ మాట అమ్మమ్మ కల్పించుకున్నది కాదు. శుక్లం తీసేసి లావుపాటి అద్దాల జోడు ఇచ్చే పాత రోజుల్లో వైద్యులే ముదిరేదాకా ఆగమనేవారు. కంటి లోపలే కృత్రిమ కటకాన్ని అమర్చే పద్ధతి వచ్చాక ఆగవలసిన అవసరం పోయింది. రోజువారీ పనులకు చూపు అడ్డం వస్తున్నదంటే ఆపరేషన్‌కు సమయం వచ్చినట్లే. ఈ సంగతి మాత్రం ఊళ్లలోకి చేరలేదు.

మన దేశంలో అంధత్వ నివారణ జాతీయ కార్యక్రమం 1976లోనే మొదలైంది. అదే ఏడాది గోవిందప్ప వెంకటస్వామి గారు మదురైలో 11 పడకలతో అరవింద్ కంటి ఆసుపత్రిని ప్రారంభించారు. 1987లో గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు హైదరాబాదులో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థను స్థాపించారు. పేదలకు ఉచితంగా ఆపరేషన్లు చేసే చోట్లు ఇన్ని ఉన్నా, 2015–19 జాతీయ సర్వేలో 50 ఏళ్లు దాటినవారి అంధత్వానికి దాదాపు 66 శాతం కారణం శుక్లమేనని తేలింది.

ఆపరేషన్ ఉచితమైనా ముసలమ్మను తీసుకువెళ్లడానికి ఒక మనిషి కావాలి, ఆ మనిషి రెండు రోజుల కూలి వదులుకోవాలి. పంట పనులు అయ్యాక చూద్దామని, పండగ వెళ్లాక చూద్దామని ఇంట్లోవాళ్లు వాయిదా వేస్తుంటారు. "ఈ వయసులో నాకు చూపెందుకులే" అని ఆమె అంటే, దాన్నే ఆమె అంగీకారంగా తీసుకుంటారు. ఇంటి పెద్దాయన విషయంలో ఇంత సులువుగా ఒప్పుకోకపోవడం నేను చాలా ఇళ్లలో చూశాను.

ఇంతకంటే బాధ కలిగించేది కంట్లో పువ్వు, అంటే నల్లగుడ్డు మీద పడే తెల్లమచ్చ. 50 ఏళ్లలోపువారి అంధత్వానికి ఇదే ప్రధాన కారణమని అదే సర్వే చెబుతోంది. వరి కోతల్లో ఆకు కోసుకున్నా, ధాన్యం తూర్పారబడుతుండగా పొట్టు పడినా నల్లగుడ్డు మీద చిన్న గీత పడుతుంది, అందులోకి బూజు చేరుతుంది. అప్పుడు ఆకు పసరో చనుబాలో పోస్తారు, లేదా మందుల దుకాణంలో అడిగి చుక్కలు తెచ్చుకుంటారు. ఆ చుక్కల్లో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్లు కనిపిస్తుంది గానీ లోపల పుండు పెరుగుతూనే ఉంటుంది. మా పొలంలో పనిచేసిన ఒక కూలీ ఇలాగే పది రోజులు పోగొట్టుకుని, చివరికి కన్నే పోగొట్టుకున్నాడు. దెబ్బ తగిలిన రోజే మంచినీళ్లతో కడిగి కంటి వైద్యుడి దగ్గరికి పంపి ఉంటే ఆ కన్ను దక్కేదేమో. ఆ తప్పులో మా ఇంటికీ భాగముంది.

కళ్లజోడు లేక చూపు లేనివారవుతారంటే చాలామంది నమ్మరు. 1996–2000 మధ్య ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన అధ్యయనంలో అంధత్వానికి 16 శాతం కారణం సరైన అద్దాలు లేకపోవడమే. అస్సాం తేయాకు కూలీలకు చత్వారం జోళ్లు ఇస్తే వారు కోసే ఆకు ఐదో వంతుకు పైగా పెరిగిందని 2018లో మరో పరిశోధన చూపింది. నీటికాసులు (గ్లకోమా) వల్ల పోయిన చూపు తిరిగి రాదు, మధుమేహం వల్ల పోయినదీ చాలావరకు రాదు కాబట్టి అక్కడ ముందస్తు పరీక్ష ఒక్కటే దారి. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డకైతే 30 రోజుల్లోపే రెటీనా పరీక్ష జరగాలి.

తెలంగాణలో 2018లో, ఆంధ్రప్రదేశ్‌లో 2019లో కంటి వెలుగు పేరుతో పరీక్షలు మొదలయ్యాయి, అందుకు నాకు సంతోషమే. అయితే శిబిరం వెళ్లిపోయిన మర్నాడు కంట్లో పొట్టు పడిన మనిషి ఎక్కడికి వెళ్లాలి? ప్రతి మండలంలో ఏడాది పొడవునా కళ్లు పరీక్షించే మనిషి ఉండాలి. ఆశా కార్యకర్తల దగ్గర శుక్లం ఉన్నవారి జాబితా ఉండాలి, ఆపరేషన్ అయ్యేదాకా ఆ పేరు కొట్టేయకూడదు. తోడు వచ్చేవారికి ఆ రెండు రోజుల కూలి ప్రభుత్వమే ఇవ్వాలి.