పాత టేకు గోడకెక్కే ముందు

వరంగల్‌లో మట్టెవాడ, గిర్మాజీపేట వైపు పాత పెంకుటిల్లు విప్పితే దర్వాజలు, దూలాలు, అటక పలకలు అన్నీ ఒకే కుప్పలో పడతాయి. ఆ కట్టెతో హాల్లో ఒక గోడంతా పలకలు కొట్టించుకోవడం మంచి ఆలోచనే. అయితే కుప్పలోంచి ఏది తీసుకోవాలన్నది ముందు తేలాలి.

దూలాలను మాత్రం ముట్టుకోవద్దు. 6 అంగుళాల వెడల్పు, 4 అంగుళాల మందం, 10 అడుగుల పొడవున్న దూలాన్ని కోయిస్తే రంపపు పొట్టు, రంద (చిత్రిక) పట్టడంలో పోయేది పోను ముప్పావు అంగుళం పలకలు 3, మహా అయితే 4 వస్తాయి. 10 అడుగుల వెడల్పు, 9 అడుగుల ఎత్తు గోడ 90 చదరపు అడుగులు. పుచ్చు, మేకుల బెజ్జాలు తీసేయడానికి 20 శాతం కలిపితే దాదాపు 110. అంటే ఒక్క గోడకు ఆరు నుంచి ఎనిమిది దూలాలు. ఇంకో ఇంటికి దర్వాజై నిలవాల్సిన చేవకట్టెను అలంకారానికి చీల్చడం అన్యాయం. అటక పలకలు, తలుపు రెక్కలు ఇందుకు సరిపోతాయి.

తలుపులకు పాత రంగుంటే జాగ్రత్త. ఇళ్ల రంగుల్లో సీసాన్ని (లెడ్) 90 పీపీఎంకు, అంటే పది లక్షల భాగాల్లో 90కి, కట్టడి చేసిన నిబంధన 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందటి పూతను పొడిగా గీకితే ఆ దుమ్ము పిల్లల ఒంట్లోకి పోతుంది. తడిపి గీకాలి, మాస్కు పెట్టుకోవాలి.

పలకల అంచున తెల్లచెక్క, అంటే చేవ లేని పైపొర, ఉంటే అక్కడే పుచ్చు పడుతుంది. పలకను కాగితం మీద తట్టి చూడండి. గుండుసూది తలంత బెజ్జాల్లోంచి మైదాలాంటి పొడి రాలితే పురుగు ఇంకా బతికే ఉండొచ్చు. ఆ అంచు కోసేయాలి. మిగతా చెక్కకు బోరాక్స్, బోరిక్ ఆమ్లం కలిపిన నీళ్లు పాలిష్‌కు ముందే రెండుసార్లు పూయాలి. పాలిష్ ఎక్కాక మందు లోపలికి దిగదు. లోపల విరిగిన మేకులుంటే రంద బ్లేడు విరుగుతుంది. అయస్కాంతంతో పలకంతా తడమాలి.

అసలు పని చెడేది చాలావరకు చెక్క వల్ల కాదు, గోడ వల్ల. వానాకాలంలో 2 అడుగుల ప్లాస్టిక్ కవరును గోడకు అతికించి, చుట్టూ టేపు వేసి, రెండు రోజులాగి చూడండి. గోడ వైపు నీటి చుక్కలు పడితే చెమ్మ గోడలోనే ఉంది. దాన్ని పలకల వెనక దాస్తే చెదలకు దారి ఇచ్చినట్టే. ముందు లీకేజీ సంగతి చూసి, గోడను ఒక ఎండాకాలం ఆరనివ్వాలి.

పలకలు అడ్డంగా వేస్తే రీపర్లు, అంటే పలకల వెనక గోడకు బిగించే సన్నటి చెక్క పట్టీలు, నిలువుగా ఉండాలి. అడుగున్నరకొకటి చొప్పున 10 అడుగుల గోడకు 8 రీపర్లు. ఒక్కోదానికి 2 అడుగులకొక స్క్రూ. స్క్రూ పట్టే ప్లగ్గు ప్లాస్టరింగు దాటి ఇటుకలోకి దిగాలి, లేకుంటే ఏడాదికే ఊగుతుంది. కింద, పైన అర అంగుళం చొప్పున ఖాళీ వదిలితే వెనక గాలి ఆడుతుంది. పలకలను పది రోజులు అదే గదిలో పేర్చి ఉంచాకే బిగించాలి. మే ఎండకు ముడుచుకుని, ఆగస్టు తేమకు ఉబ్బే చెక్కను సందు లేకుండా జిగురుతో అతికిస్తే మధ్యలో పైకి లేస్తుంది. టేకులోని నూనె వల్ల జిగురు కూడా సరిగా పట్టదు.

పైపూతకు మెరిసే మెలమైన్ పాలిష్ కంటే కాచిన అవిసె నూనె మేలు, టేకు ఈనెలు స్పష్టంగా కనిపిస్తాయి. నూనె తుడిచిన గుడ్డలను మాత్రం ఉండచుట్టి మూలన పడేయొద్దు. ఆ నూనె ఆరుతూ వేడెక్కి గుడ్డలు వాటంతటవే అంటుకోవచ్చు. నీళ్లలో ముంచి, ఆరుబయట విడివిడిగా పరచాలి.