శ్రీలంక పేరు చెప్పి చిన్న రైతును బెదిరిస్తే ఎలా?

ఎరువుల కొట్టు నడిపే మా బాబాయి ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఫార్వర్డ్ ఇది. ఈపాటికి మీకూ వచ్చే ఉంటుంది. "సేంద్రియం అని శ్రీలంక ఏమైందో చూశారుగా. దిగుబడి సగానికి పడిపోతుంది. రెండెకరాల వాడికి అది గిట్టదు. అసలది డబ్బున్న వాళ్ల తిండి." బాబాయి మీద గౌరవం ఉంచుకునే జవాబు రాస్తున్నాను.

ముందు శ్రీలంక. 2021 ఏప్రిల్ నెలాఖరున గొటబాయ రాజపక్స ప్రభుత్వం రసాయన ఎరువుల దిగుమతి ఆపేస్తున్నామని ప్రకటించింది, నవంబరుకల్లా వెనక్కి తగ్గింది. డాలర్లు అడుగంటుతున్న దేశానికి ఎరువుల బిల్లు మిగలడం కూడా అందులో ఒక లెక్క. దేశానికంతటికీ సరిపడా సేంద్రియ ఎరువు ఎక్కడుందో చూసుకోలేదు. చైనా నుంచి ఓడలో తెప్పిస్తే, అందులో హానికరమైన బ్యాక్టీరియా ఉందని దించుకోలేదు. వరి, తేయాకు దెబ్బతిన్న మాట నిజమే. కానీ అక్కడ చెడింది రాత్రికి రాత్రి ఇచ్చిన హుకుం. సిక్కిం 2003లో మొదలుపెట్టి, 2016 జనవరిలో గానీ పూర్తి సేంద్రియ రాష్ట్రమని చెప్పుకోలేదు. ఫార్వర్డులో సిక్కిం ఊసే లేదు.

దిగుబడి సగం అన్నది ఎక్కడి లెక్కో తెలియదు. 2012 నుంచి వచ్చిన పెద్ద అధ్యయనాల్లో సగటు తేడా 20, 25 శాతం దగ్గర ఉంది. అది తక్కువేమీ కాదు, దాచను. కానీ పోలిక పెట్టేటప్పుడు తక్కెడలో రెండు పళ్లేలూ చూడాలి. 45 కిలోల యూరియా బస్తా రైతుకు 266 రూపాయల చిల్లరకు దొరుకుతోందంటే మిగతాది ఖజానా కడుతోంది. 2022-23లో ఎరువుల సబ్సిడీ రెండున్నర లక్షల కోట్లు దాటింది. పెంట తోలిన కూలికి అలా బస్తాకింత అని ఎవరూ కట్టరు. అంత కట్టినా, 2025 వానాకాలంలో తెలంగాణ రైతులు యూరియా కోసం క్యూలో చెప్పులు పెట్టి కూర్చున్నారు.

ఇక రెండెకరాల మాట. 2015-16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలో 86 శాతం కమతాలు రెండు హెక్టార్ల లోపువే, అంటే అయిదెకరాల లోపు. పత్తికి మందులు అప్పు మీద తెచ్చుకున్న రెండెకరాల రైతుకు మాత్రం గిట్టిందా? బాబాయి ఖాతా పుస్తకం తెరిస్తే తెలుస్తుంది.

అసలు సంగతి చూడాలంటే జహీరాబాద్ వెళ్లాలి. అక్కడ 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ సంఘాల్లో ఎక్కువ మంది దళిత మహిళలు, కొద్దిపాటి మెట్ట చెలక ఉన్నవాళ్లు. ఒకే చేలో జొన్న, కంది, కొర్ర, అనుములు, ఇంకా ఎన్నో కలిపి వేస్తారు. వాన ఎగ్గొడితే అన్నీ ఒకేసారి పోవు. విత్తనాలను బూడిద, వేపాకు కలిపి ఇంట్లోనే దాచుకుంటారు. చలికాలం నేలలో మిగిలిన తడితో, మంచుతో పండే శనగ, కుసుమ లాంటి వాటిని సత్యం పంటలు అంటారు.

1990ల మధ్యలో వాళ్లు చేసిన పని ఫార్వర్డు చివరి వాక్యానికి కూడా జవాబే. బీళ్లను సాగులోకి తెచ్చుకోమని పేద రైతులకు అప్పిచ్చారు. రైతులు ఆ అప్పును జొన్నలతో తీర్చారు. జొన్నలు ఊళ్లోనే నిల్వ పెట్టి, గింజలకు కటకటగా ఉండే రోజుల్లో పేద ఇళ్లకు తక్కువ ధరకు ఇచ్చారు. ఏ ఇల్లు పేదదో ఊరివాళ్లే తేల్చారు. రసాయనాలు లేని ఆ తిండి తిన్నది కూలి జనం. అదే జొన్న పట్నంలో అందమైన ప్యాకెట్‌లోకి చేరేసరికి ధర పెరుగుతుంది. పెరిగిన దాంట్లో చెలక దాకా వచ్చేది ఎంతో మరి!

ఈ పద్ధతికి నిజమైన చిక్కు వేరే ఉంది. పల్లెల్లో పశువులు తగ్గిపోయాయి. ఆవు లేని ఇంటికి పేడ ఎక్కడిది? పేడ, మూత్రం, బెల్లంతో చేసే జీవామృతం ఎవరు కలపాలి, కలుపు ఎవరు తీయాలి? ఇంటిల్లిపాదీ చేస్తే నడుస్తుంది, పిల్లలు హైదరాబాద్ వెళ్లిపోయాక ముసలి దంపతులిద్దరి వల్లా కాదు. దీని మీద బాబాయి ఏదైనా ఫార్వర్డ్ పంపితే నేనూ నలుగురికి పంపుతాను.