ట్రాన్స్‌ఫర్ కేసు ఒక్క ఆదివారం పని కాదు

మారుతి జిప్సీలో గేర్‌బాక్స్ నుంచి వచ్చే బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె ట్రాన్స్‌ఫర్ కేసు. దాన్ని పొద్దున్న టిఫిన్ తిని విప్పామనీ, బేరింగులు మార్చి సాయంత్రానికల్లా బిగించేశామనీ చెప్పుకొనేవారు బెంగళూరులో ఈ మధ్య బాగా పెరిగారు. వారి చేతి నైపుణ్యాన్ని నేను శంకించడం లేదు. విప్పి బిగించడానికి నిజంగానే ఒక రోజు చాలు. మధ్యలో చేయవలసిన కొలతల గురించి ఎవరూ ఒక్క ముక్క చెప్పకపోవడమే నా అభ్యంతరం. వారి మాట నమ్మి కొత్తవారు పానా పట్టుకుంటున్నారు.

నాది 1.3 లీటర్ల ఇంజిన్ ఉన్న జిప్సీ. వేగం అరవై దాటితే నేల అదిరేది. ఒక గ్యారేజీలో కనీసం బండి కిందికి వంగి చూడకుండానే "పెట్టె పోయింది సార్, మొత్తం మార్చాల్సిందే" అన్నారు. జిప్సీలో ఈ కేసు గేర్‌బాక్స్‌కు అంటుకొని ఉండదు. విడిగా, రబ్బరు మౌంట్ల మీద ఛాసిస్‌కు వేలాడుతూ, ఒక పొట్టి ప్రొపెల్లర్ షాఫ్ట్ (తిరుగుతూ బలాన్ని చేరవేసే కడ్డీ) ద్వారా గేర్‌బాక్స్‌తో కలుస్తుంది. రబ్బరు చిట్లితే కేసు ఒరుగుతుంది, షాఫ్ట్ కోణం మారుతుంది, అదురు మొదలవుతుంది. మౌంట్లు మార్చగానే అదురు చాలావరకు పోయింది. పెట్టెను నిందించే ముందు ఆ రబ్బర్లను చూడాలన్న ఇంగితం గ్యారేజీకి లేకపోవడం నన్ను ఇప్పటికీ మండిస్తుంది.

అయినా కేసు విప్పక తప్పలేదు. లో రేంజిలో (నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరులో) దిగుడు దారిన యాక్సిలరేటర్ వదిలితే ట్రాన్స్‌ఫర్ కేసు లివర్ దానంతటదే న్యూట్రల్‌లోకి జారేది. అలా జారిందంటే ఇంజిన్‌కూ చక్రాలకూ సంబంధం తెగిపోతుంది, బండిని పట్టేది బ్రేకు ఒక్కటే. కారణం బేరింగు అని అందరూ అన్నారు. కానీ గేరు పళ్లు ఏటవాలుగా కోసినవి కాబట్టి, బలం పడినప్పుడు గేరు ఒక పక్కకు, యాక్సిలరేటర్ వదిలినప్పుడు రెండో పక్కకు జరగాలని చూస్తుంది. దాన్ని అదుపులో ఉంచేవి గేరు పక్కన ఆనుకొని ఉండే పల్చటి రేకులు, థ్రస్ట్ వాషర్లు. లో రేంజిలో గేర్‌బాక్స్ నుంచి వచ్చే షాఫ్ట్ 2.268 సార్లు తిరిగితే బయటి షాఫ్ట్ ఒక్కసారి తిరుగుతుంది. అన్ని రెట్లు పెరిగిన బలాన్ని మోస్తూ ఆ పల్చటి రేకులు అరిగిపోతాయి. గేరుకూ వాషర్‌కూ మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నటి రేకు) పెట్టి కొలవనిదే ఇది తెలియదు. ఆదివారం వీరులు ఈ మెట్టు దగ్గరే గెంతేస్తారు.

మా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పనికి అనుమతి దొరకలేదు (కారిన ఆయిల్ తుడవడానికి నేను సిద్ధమే, వినేవారేరీ?), అందుకని హోసకోటెలో స్నేహితుడి షెడ్డుకు తీసుకెళ్లాను. అక్కడ మొదట చేసిన పని చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టడం. షాఫ్టులు ఊడదీశాక బండిని గేర్‌లో వదిలినా ప్రయోజనం లేదు. పాత విల్లీస్ జీపుల్లోనైతే హ్యాండ్‌బ్రేక్ డ్రమ్మే ట్రాన్స్‌ఫర్ కేసు వెనక ఉంటుంది కనుక, వెనక షాఫ్ట్ తీస్తే హ్యాండ్‌బ్రేక్ కూడా ఉత్తదే. తర్వాత ఆయిల్ పోసే బోల్టు ఊడుతుందో లేదో చూసుకున్నాను. పాత ఆయిల్ వంపేశాక అది బిగుసుకుపోయిందని తెలిస్తే బండి ఉన్నచోటే ఉండిపోతుంది. గేరు మార్చే కడ్డీ, అంటే షిఫ్ట్ రాడ్, లాగేటప్పుడు స్ప్రింగు కింది చిన్న గుండు ఎగిరిపోతుందని ముందే తెలిసి గుడ్డ కప్పాను. అయినా ఎగిరింది, గంటన్నర వెతికాను.

బేరింగుల అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది కాబట్టి విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డులో అవి పావుగంటలో దొరికాయి. వాషర్లకు రెండు శనివారాలు పట్టింది. గేరును పక్కకు జరిపే షిఫ్ట్ ఫోర్క్ కోసం శివాజీనగర్ గుజిరీకి (పాత సామాన్ల బజారుకు) వెళితే, మదనపల్లె నుంచి వచ్చి స్థిరపడిన ఒక పెద్దాయన తన దగ్గరున్నదాన్ని నా దానితో పక్కపక్కన పెట్టి చూసి, "ఇది నీ దానికంటే ఎక్కువ అరిగి ఉండాది నాయనా, నాకు అమ్మబుద్ధి కాలేదు" అన్నారు. అలాంటి మాట మెరిసే అద్దాల గ్యారేజీలో నేను ఏనాడూ వినలేదు.

ఇక బిగించాక పరీక్ష పేరుతో అవుటర్ రింగ్ రోడ్డు మీద ఫోర్ వీల్ వేసి తిప్పేవారికి ఒక విన్నపం. ఈ బండికి మధ్యలో డిఫరెన్షియల్ (ముందు, వెనక షాఫ్టులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల అమరిక) లేదు. మలుపులో ముందు చక్రాలూ వెనక చక్రాలూ వేర్వేరు దూరాలు తిరుగుతాయి, తారు మీద టైరు జారదు, ఆ తేడా అంతా షాఫ్టుల్లో మెలికగా చేరి లివర్ కదలకుండా పట్టేస్తుంది. మీ పని చెడిందని కంగారుపడి మళ్లీ విప్పకండి. నాలుగు గజాలు వెనక్కి నడిపితే వదులుతుంది. పరీక్షించాలంటే మట్టిదారికి వెళ్లండి.

నాకు మొత్తం మూడు వారాలు పట్టింది. 800 మిల్లీలీటర్ల జీఎల్-4 రకం గేరు ఆయిల్ పోశాను, వాగులో వేడి కేసు చల్లబడి సీళ్ల గుండా నీరు పీల్చుకోకుండా కేసుకు గాలి ఆడే బ్రీదర్ గొట్టాన్ని శుభ్రం చేసి పైకి కట్టాను. లివర్ ఇప్పుడు జారడం లేదు. ముందు షాఫ్ట్ దగ్గర మాత్రం రోజుకో చుక్క ఆయిల్ కారుతోంది. సీల్ కొత్తదే, కానీ అది ఆనే ఫ్లాంజ్ (షాఫ్ట్‌ను బిగించే భాగం) మీద పడిన గాడిని వేలితో తడిమి చూడలేదు. గుజిరీ పెద్దాయనకు మళ్లీ పనిపడింది.