బిట్లు వచ్చు, లినక్స్ రాదు

మా మేనల్లుడు గుంటూరు బ్రాడీపేటలో గది తీసుకుని, విండోస్ లాంటి ఆపరేటింగ్ సిస్టమ్ అయిన లినక్స్ మీద పెట్టే లినక్స్ ఎసెన్షియల్స్ అనే ప్రాథమిక పరీక్షకు చదువుతున్నాడు. మొన్న వెళ్లేసరికి మంచం మీద స్పైరల్ బైండింగ్ చేసిన జెరాక్స్ కట్ట ఉంది. ప్రశ్న, నాలుగు ఆప్షన్లు, ఒకదానికి టిక్కు. ల్యాప్‌టాప్ మాత్రం బ్యాగులోనే ఉంది. "ముందు బిట్లు అయిపోనీ మావయ్యా, ప్రాక్టికల్స్ తర్వాత చూసుకుంటా" అన్నాడు.

వాణ్ణి తిట్టబుద్ధి కాలేదు. బిట్ బ్యాంకు కొను, నాలుగుసార్లు తిరగెయ్యి, రాసిరా. టెన్త్ నుంచి మన పిల్లలకు మనం నేర్పిన విద్య ఇదేగా.

లినక్స్ ప్రొఫెషనల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టే ఈ పరీక్షలో 60 నిమిషాల్లో 40 ప్రశ్నలు రాయాలి. 800కు 500 వస్తే పాస్. అన్నిటికీ ఆప్షన్లు ఉండవు, కొన్నిచోట్ల ఖాళీలో జవాబు మనమే టైపు చేయాలి. అయినా బిట్లతో గట్టెక్కేవాళ్లు ఉంటారు, కాదనను. బట్టీ అసలు వద్దని కూడా అనను. కమాండ్లు నోటికి రాకపోతే పని సాగదు.

ఫైలును ఎవరు ఏం చేయవచ్చో చెప్పే పర్మిషన్లలో 4 (చదవడం), 2 (రాయడం), 1 (నడపడం) లెక్క వాడికి నిద్రలో లేపినా వచ్చు. 444, అంటే అందరికీ చదివే హక్కు మాత్రమే, పెట్టిన ఫైలును దాని ఓనరు డిలీట్ చేయగలడా అని అడిగాను. "రాయడానికే వీల్లేదు, డిలీట్ ఎలా అవుతుంది?" అన్నాడు. ల్యాప్‌టాప్ తీయించి, విండోస్ లోపలే లినక్స్ నడిచేలా పెట్టి (ఎలాగో చివర చెబుతా) చేయమన్నాను. 'రైట్ ప్రొటెక్టెడ్ ఫైలు, తీసేయాలా?' అని సిస్టమ్ ఒక్కసారి అడిగింది. వై నొక్కాడు. ఫైలు పోయింది.

ఫోల్డర్ అంటే హాజరుపట్టీ లాంటిది. ఫైలును డిలీట్ చేయడమంటే పట్టీలో పేరు కొట్టేయడం. అందుకు కావాల్సింది పట్టీ మీద రాసే హక్కు, ఫైలు మీద కాదు. ఈసారి ఫోల్డర్‌కు 555 (రాసే హక్కు లేదు) పెట్టి, అందులోని ఫైలుకు 666 (రాసే హక్కు ఉంది) ఇచ్చి వాడే ప్రయత్నించాడు. పర్మిషన్ డినైడ్. వెంటనే జెరాక్స్ కట్ట తిరగేశాడు. అదే ప్రశ్న అందులోనూ ఉంది, టిక్కు తప్పు ఆప్షన్ మీద ఉంది!

దీనికన్నా పై స్థాయిది లినక్స్ కంపెనీ రెడ్ హ్యాట్ పెట్టే సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్ పరీక్ష, ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ. అక్కడ బిట్లే ఉండవు. సిస్టమ్ అప్పగించి పని చేసి చూపించమంటారు, 300కు 210 రావాలి. చేసినవన్నీ రీబూట్ తర్వాత కూడా నిలవాలి. ఒక సర్వీసుకు (వెనక నడిచే ప్రోగ్రాముకు) స్టార్ట్ కొట్టి, సిస్టమ్ లేచినప్పుడల్లా దానంతటదే మొదలయ్యేలా ఎనేబుల్ కొట్టడం మరిచిపోతే అప్పటికి బాగానే నడుస్తుంది. రీబూట్ అయ్యాక లేవదు, దానికి మార్కులూ రావు.

ల్యాప్‌టాప్ ఎందుకు తీయవురా అని గుచ్చి అడిగితే అసలు సంగతి చెప్పాడు. అది నాన్న వాయిదాల మీద కొన్నది. ఏదైనా కమాండ్ కొడితే విండోస్ పోతుందేమోనని టెన్షన్. దీన్ని బద్ధకం అనలేం. ఇంటికొక్కటే ల్యాప్‌టాప్ ఉన్నప్పుడు జెరాక్స్ కట్టే క్షేమం అనిపిస్తుంది.

ఆ భయానికి మందు పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది. వర్చువల్‌బాక్స్ అనే ఉచిత ప్రోగ్రాము వేసుకుంటే విండోస్ జోలికి పోకుండా లోపల లినక్స్ నడుస్తుంది. పాడుచేసే ముందు, ఆ లినక్స్ అప్పటి స్థితిని దాచే స్నాప్‌షాట్ తీసుకుంటే, ఎంత చెడగొట్టినా నిమిషంలో వెనక్కి రావచ్చు. వీడి కోచింగ్‌లో లినక్స్‌ను పుట్టించిన లినస్ టోర్వాల్డ్స్ 1991లో ఏం చేశాడో రెండు రోజులు చెప్పారట. స్నాప్‌షాట్ అనే మాట మాత్రం ఆ సాయంత్రమే మొదటిసారి విన్నాడు.