వీగిపోయిన బిల్లుకూ ఒక విలువుంది

గజాలా హష్మీ 2025 నవంబరులో అమెరికాలోని వర్జీనియా రాష్ట్రానికి లెఫ్టినెంట్ గవర్నరుగా గెలిచినప్పుడు 'మన హైదరాబాద్ ఆడపడుచు' అని మురిసిపోయాం. నాలుగేళ్ల వయసులో ఊరు విడిచిన మనిషి మీద మనకున్న హక్కు సంగతి అలా ఉంచితే, 2019లో ఆ రాష్ట్ర సెనేట్‌కు ఎన్నికైన దగ్గర్నుంచి ఆవిడ పెట్టిన బిల్లులేమిటో ఆరా తీసినవాళ్లు తక్కువ.

అక్కడ బిల్లు పెట్టడం సభ్యుడి పని. వర్జీనియాలో ఆ సభ్యుణ్ని 'పేట్రన్' అంటారు. సరి సంవత్సరాల్లో సమావేశాలు 60 రోజులే. 2024లో ఆ కాస్త వ్యవధిలోనే రెండు వేల పైచిలుకు బిల్లులు వచ్చాయి. చాలావాటికి కమిటీలోనే నూకలు చెల్లుతాయి. 'నిరవధికంగా పక్కన పెట్టడమైనది' అని మర్యాదగా రాస్తారు, అంతే. అభినందన తీర్మానాలూ పేట్రన్ ఖాతాలోనే పడతాయి కనుక ఎవరు ఎన్ని పెట్టారన్న లెక్క పెద్దగా ఏమీ చెప్పదు.

చెప్పేది ఒక్కో బిల్లు నడక. గర్భనిరోధక సాధనాలు వాడుకునే హక్కుకు చట్టరక్షణ కోరుతూ హష్మీ 2024లో బిల్లు పెట్టారు. ఉభయసభలూ ఆమోదించాయి, గవర్నర్ గ్లెన్ యంగ్‌కిన్ వీటో చేశారు. 2025లో మళ్లీ పెట్టారు, మళ్లీ వీటో. వీటోను తోసిపుచ్చాలంటే మూడింట రెండు వంతుల బలం కావాలి. నలభై మంది సెనేట్‌లో ఆవిడ పార్టీకి ఉన్నది 21 మంది. ఫలితం ముందే తెలుసు. మరి రెండోసారి ఎందుకు? ఎన్నికల ఏడాదిలో ప్రతి సభ్యుడూ ఎటో ఒక వైపు ఓటు వేయక తప్పదు, గవర్నరూ సంతకం పెట్టనని రాతపూర్వకంగా చెప్పక తప్పదు. అది రాజకీయ ఎత్తుగడే కావచ్చు. అయినా ఓటరు చేతికి ఒక పత్రం దొరికింది.

మన 175 మందిలోనో, 119 మందిలోనో ఎవరి గురించైనా ఇలాంటి పత్రం చూపించగలమా? ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లు, పెట్టే వీలు నిబంధనల్లో ఉంది. కానీ ఎమ్మెల్యే దగ్గరికి మనం వెళ్లేది పింఛనుకో, బదిలీకో, సీసీ రోడ్డుకో. పార్లమెంటులోనూ ఇప్పటిదాకా చట్టమైన ప్రైవేటు బిల్లులు 14, చివరిది 1970 నాటిది. ఆంధ్రప్రదేశ్‌కు ప్రత్యేక హోదా కోరుతూ కేవీపీ రామచంద్రరావు రాజ్యసభలో పెట్టిన ప్రైవేటు బిల్లు గుర్తుందా? 2016లో అది లోక్‌సభలోనే పెట్టాల్సిన ద్రవ్య బిల్లన్న అభ్యంతరం లేచింది, ఓటింగు జరగనే లేదు. హోదా సంగతి పక్కన పెట్టండి. ఆ రోజు ఎవరు ఎటు నిలబడ్డారో తేలిపోయే అవకాశం పోయింది. ఫిరాయింపులను అడ్డుకునే పదో షెడ్యూలు రాజ్యాంగంలోకి వచ్చాక విప్ (పార్టీ ఆదేశం) ధిక్కరిస్తే సభ్యత్వానికే ముప్పు కాబట్టి, ఓటింగు జరిగినా తేలేది పార్టీ వైఖరేనంటారు. నిజమే. కానీ బిల్లు పెట్టడానికి విప్ అడ్డం కాదు. రెండు రాష్ట్రాల్లోనూ ఆ మాత్రం పని చేయడానికి పదవి పోతుందన్న భయం అక్కర్లేదు.