బొమ్మల చోటు రోజూ మార్చమనే సలహా వినకండి

ఒడిశాలోని మన పర్లాకిమిడి, గుణుపురం వైపు తెలుగు వాట్సాప్ గ్రూపుల్లో ఒక మెసేజ్ తెగ తిరుగుతోంది. మూడేళ్లలోపు పిల్లలకి ఏదీ గుర్తుండదట, దాచిన వస్తువు వైపు మాటిమాటికీ చూసే పిల్లలకి ఏకాగ్రత లేదట, బొమ్మల చోటు రోజూ మారిస్తే మెదడు పదునెక్కుతుందట. మూడూ తప్పే.

మొదటి మాట చూద్దాం. 1985లో మనస్తత్వ శాస్త్రవేత్త జూడీ డెలోచ్ బృందం ఏడాదిన్నర నుంచి రెండేళ్ల వయసు పిల్లల ఎదుటే ఒక బొమ్మని దాచి, అది పడుకుంది, గంట మోగాక నువ్వే లేపాలి, ఎక్కడుందో గుర్తుపెట్టుకో అని చెప్పారు. ఈలోగా నాలుగు నిమిషాలపాటు వేరే బొమ్మలిచ్చి ఆడించినా, ఆ పసివాళ్లు ఆట మధ్యలో ఆపి ఆ చోటు వైపు చూశారు, వేలు చూపించారు, బొమ్మ పేరు చెప్పారు, అక్కడక్కడే తిరిగారు. బొమ్మని దాచకుండా కనబడేలా పెట్టినప్పుడు మాత్రం ఇదంతా బాగా తగ్గిపోయింది. అవసరమైతేనే చేస్తున్నారన్నమాట.

రెండోదానికి 1975లోనే జవాబు దొరికింది. కప్పు కింద కుక్కబొమ్మ పెట్టి గుర్తుంచుకోమంటే, మూడేళ్ల పిల్లల్లో ఆ కప్పుని చూస్తూ, తాకుతూ ఉన్నవాళ్లకే బాగా గుర్తుంది. దాన్ని పరధ్యానం అంటే ఎలా?

పిల్లలకి గుర్తుండదు, ఏకాగ్రత లేదు అనే ఈ మాట మన ఊళ్లలో ఇంకా ఎక్కువ చెరుపు చేస్తుంది. ఇంట్లో తెలుగు, అంగన్‌వాడీలో ఒడియా. బంతి ఎక్కడుందని దిది (అంగన్‌వాడీ టీచరు) ఒడియాలో అడిగితే మాట రాక తలుపు పక్క డబ్బా దగ్గరికి పరుగెత్తే పిల్లకి బంతి ఎక్కడుందో నిక్షేపంగా గుర్తుంది, లేనిది మాట ఒక్కటే. ఆ పిల్లని మందబుద్ధి అనడం అన్యాయం, తల్లిదండ్రులు కూడా నమ్మేస్తున్నారు, నాకు బాధంతా అదే.

ఇక చోటు మార్చడం. మనస్తత్వ శాస్త్రవేత్త కరోలిన్ రోవీ-కోలియర్ పరిశోధనల్లో నెలల పిల్లల కాలికి రిబ్బను కట్టి, తన్నితే పైన వేలాడే బొమ్మలు ఊగేలా చేశారు. నేర్చుకున్న పిల్లలకే కొన్ని రోజులాగి ఉయ్యాల చుట్టూ ఉన్న గుడ్డ మార్చి చూపిస్తే, గుర్తు తగ్గిపోయింది. చుట్టూ ఉన్న చోటుతో కలిసే జ్ఞాపకం అతుక్కుంటోంది. పెద్దవాళ్లు రెండు మూడు చోట్ల కూర్చుని చదివితే మేలుంది, అది నిజమే, కానీ దాన్ని తెచ్చి పసివాళ్ల నెత్తిన రుద్దకూడదు.

చెప్పులు గుమ్మం పక్కన, పలక గూట్లో, బొమ్మలు బుట్టలో ఉండనివ్వండి. ఎప్పుడైనా ఇల్లు సర్దాల్సి వస్తే పిల్లల్ని పక్కన పెట్టుకుని, ఇదిగో ఇక్కడ పెడుతున్నా అని చూపిస్తూ సర్దండి.