వాచీ ముల్లూ, ల్యాప్‌టాప్ అరిటాకూ

దేశంలో నీళ్ల గొడవలున్నాయి, నిరుద్యోగం ఉంది, వాటి గురించి రాసేవాళ్లు కూడా కావలసినంతమంది ఉన్నారు. కాబట్టి నేను ఎవరూ పట్టించుకోని సమస్య ఒకటి ఎత్తుకుంటున్నాను. ఎడమచేతికి చైను వాచీ పెట్టుకుని ల్యాప్‌టాప్ మీద టైపు చేస్తే, కీబోర్డుకి ఇవతల అరచెయ్యి ఆనించుకునే జాగా ఉంటుంది చూడండి, అక్కడ గీతలు పడతాయి. నవ్వకండి. మీ ల్యాప్‌టాప్‌ని లైటు కింద కాస్త ఏటవాలుగా పట్టుకుని చూసి, అప్పటికీ నవ్వొస్తే నవ్వండి.

ల్యాప్‌టాప్ నాది కాదు, కంపెనీది. అసలు టెన్షన్ అదే. సొంతదైతే రెండు రోజులు బాధపడి ఊరుకునేవాణ్ణి. ఇచ్చిన రోజు నా చేత సంతకం పెట్టించుకున్న కాగితంలో ఫిజికల్ డ్యామేజ్ అన్న మాట రెండు చోట్ల ఉంది, అది నేను రెండుసార్లూ చదివాను. పోనీ వాచీ నాదా అంటే అదీ కాదు, పెళ్లిలో మావయ్యగారు పెట్టింది. అంటే నా మణికట్టు దగ్గర రోజూ తొమ్మిది గంటల పాటు ఒక సంస్థ ఆస్తీ ఒక కుటుంబం పరువూ రాసుకుంటున్నాయి, మధ్యలో చెయ్యి ఒక్కటే నాది.

తీసి పక్కన పెట్టొచ్చుగా, టైము స్క్రీను మూల కనిపిస్తూనే ఉంటుందిగా అంటారు కొందరు. అల్లుడి చేతికి వాచీ టైము చూసుకోవడానికే అనుకునే అమాయకులు ఇంకా ఉన్నారన్నమాట. 1961లో ఈ దేశంలో రెండు పనులు జరిగాయి. వరకట్నం నేరమని పార్లమెంటు చట్టం చేసింది. అదే ఏడాది బెంగళూరులో హెచ్‌ఎంటీ వాళ్లు జపాను సిటిజన్ కంపెనీ సాయంతో చేతి వాచీల తయారీ మొదలుపెట్టారు. ఈ రెండింట్లో మన పెళ్లిళ్లలో ఏది బాగా అమలైందో తెలియాలంటే ఇంట్లో పాత పెళ్లి ఫోటోలు తియ్యండి. వాచీ ఫోటోలో పడాలని చొక్కా చెయ్యి జానెడు పైకి లాగి, మోకాలి మీద చెయ్యి పెట్టుకుని బిగుసుకుపోయి కూర్చున్న పెళ్లికొడుకు ఒక్కడైనా దొరుకుతాడు. వాచీతో పాటు అడిగే సైకిలూ రేడియో కాలంలో కలిసిపోయాయి గానీ వాచీ మాత్రం నిలబడింది, కాకపోతే ఇప్పుడు దాన్ని ముచ్చటపడి పెట్టింది అనాలి. ముచ్చటపడి పెట్టినదాన్ని ఆఫీసు టేబుల్ మీద మర్చిపోయి ఇంటికొస్తే ఏమవుతుందో పెళ్లయినవాళ్లకి చెప్పక్కర్లేదు.

సరే, శాస్త్రీయంగానే వెళ్దాం. ముల్లొచ్చి అరిటాకు మీద పడ్డా, అరిటాకు వెళ్లి ముల్లు మీద పడ్డా చిరిగేది అరిటాకే అని మనవాళ్లు ఏనాడో తేల్చేశారు. 1812లో ఫ్రెడరిక్ మోహ్స్ అనే జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఈ సంగతికే పది మెట్లు కట్టి అంకెలు వేశాడు. అట్టడుగు మెట్టు మీద టాల్కం పౌడరు చేసే మెత్తటి రాయి, పదో మెట్టు మీద వజ్రం, పై మెట్టువాడు కింది మెట్టువాణ్ణి గీకుతాడు. (ఈ మాత్రానికి శాస్త్రవేత్త ఎందుకు, ఆఫీసులో చేరితే చాలదా అని మీకనిపిస్తే అది వేరే వ్యాసం.) వాచీ చైను ఉక్కు అయిదుకీ ఆరుకీ అటూ ఇటూగా ఉంటుంది, ల్యాప్‌టాప్ ఒంటి అల్యూమినియం మూడు దాకా కూడా రాదు. కేసు కొట్టేశారనుకున్నాను. కానీ ఆ అల్యూమినియం మీద అనోడైజింగ్ అని ఒక పూత పెంచుతారు, అది అల్యూమినియం ఆక్సైడ్, రసాయనం లెక్కన చూస్తే కెంపూ నీలమూ కూడా అదే పదార్థం. కాబట్టి ఉక్కుకి అంత తేలిగ్గా లొంగదు. చిక్కల్లా ఏమిటంటే ఆ పూత మందం మిల్లీమీటరులో వందో వంతు, కాస్త అటూ ఇటూ. బురద మీద తివాచీ పరిచినట్టన్నమాట. తివాచీ ఎంత గట్టిదైనా మడమ ఆనించి నొక్కితే కింద ఉన్నది దిగబడుతుంది. ఆ మడమ, చైను అడుగున ఉండే లాకు అంచు.

ఇక్కడ ఒక పనికొచ్చే ముక్క చెప్తాను. గీత కనబడగానే ఏడుపు మొదలుపెట్టకుండా పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది చూడండి. పోయిందంటే అది ల్యాప్‌టాప్‌కి పడిన గీత కాదు, పూత గట్టిగా నిలబడి ఉక్కే అరిగి అక్కడ అంటుకుంది, నష్టం మావయ్యగారిది. పోలేదంటే కంపెనీది. నాకున్న ఏడు గీతల్లో నాలుగు పోయాయి, ఆ రాత్రి ఇంట్లో మాత్రం ఈ స్కోరు చెప్పలేదు. మూడోవాడు ఇంకొకడున్నాడు, దుమ్ము. ఇసుక రేణువు మోహ్స్ మెట్లలో ఏడు, అంటే ఉక్కునీ గీకగలదు, అల్యూమినియాన్నీ గీకగలదు. మియాపూర్ నుంచి మాదాపూర్ దాకా బైకు మీద వచ్చినవాడి చైను సందుల్లో ఏముంటుందో ఊహించుకోండి.

నివారణ చర్యలు చేపట్టాను. చేతిరుమాలు పరిచాను, టచ్‌ప్యాడ్ మీదికి జారి నా ప్రమేయం లేకుండా ఒక మెయిల్ వెళ్లిపోయింది. పాత సాక్సు మడమ కోసి మణికట్టుకి తొడిగాను, లిఫ్టులో ఇద్దరు "ఎక్కడ పడ్డారు సార్" అని పరామర్శించారు. తోలు బెల్టు వేయించాను, దాని బకిల్ కూడా ఉక్కే, పైగా ఆ ఆదివారం మావయ్యగారు కాఫీ తాగుతూ "చైను ఏమైంది బాబూ" అని ఎంత మెత్తగా అడిగారంటే సోమవారానికల్లా చైను తిరిగొచ్చింది.

నిజానికి తప్పంతా ఆ జాగాది. ఇంటర్ సెలవుల్లో టైపు ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్లేవాణ్ణి, మిషను ముందు చెయ్యి ఆనించుకునే చోటే ఉండేది కాదు, మణికట్టు కిందకి వాలితే మాస్టారు స్కేలుతో కింద నుంచి ఒక్కటిచ్చేవారు. తొలిరోజుల్లో ఒళ్లో పెట్టుకునే కంప్యూటర్లకీ కీబోర్డు ముందు అంచుదాకా ఉండేది. 1991లో యాపిల్ వాళ్లు పవర్‌బుక్‌లో కీబోర్డుని వెనక్కి నెట్టి ముందు జాగా వదిలారు, తర్వాత మిగతావాళ్లంతా అదే పట్టుకున్నారు. ఖాళీ అరుగు కనిపిస్తే కూలబడకుండా ముందుకెళ్లే జాతా మనది?

ఇన్నాళ్లకి తట్టిందేమిటంటే, మా ఆవిడా అదే పని చేస్తుంది, చేతికి రెండేసి గాజులుంటాయి, ఆమె ల్యాప్‌టాప్ మీద ఒక్క గీత లేదు. రహస్యం ఏమిటని అడిగాను. "పిండి కలిపేటప్పుడు గాజులేం చేస్తామండీ, పైకి తోసుకుంటాం. ఇదీ అంతే" అంది, స్క్రీను మీద నుంచి చూపు తిప్పకుండా. మొదటి ప్రపంచ యుద్ధానికి ముందు యూరప్‌లో మగవాళ్లవి జేబు గడియారాలే, చేతికి కట్టుకునే గడియారమంటే ఆడవాళ్ల సొమ్ము కింద లెక్క, కందకాల్లో సైనికులు కట్టుకోవడం మొదలుపెట్టాక గానీ మగవాళ్లు ధైర్యం చెయ్యలేదు. అంటే నేను ఇన్నేళ్లుగా వేసుకు తిరుగుతున్నది గాజే. గాజుల సంగతి తెలిసినవాళ్లు ఇంట్లోనే ఉండగా నేను జర్మనీ దాకా వెళ్లాను.

మర్నాడు పైకి తోసుకున్నాను. ముంజేతి వెంట్రుకలు చైనులో ఇరుక్కుని రెండు మూడు ఊడొచ్చాయి, వీడియో కాల్‌లో మేనేజరు "బీపీ చూపించుకుంటున్నారా, పర్లేదు తర్వాత మాట్లాడదాం" అని పెట్టేశారు. అయినా గీతలు ఆగాయి. ఏడాదిన్నర కొత్తది పడలేదు.

నాలుగేళ్లు నిండాయని పోయిన నెల ల్యాప్‌టాప్ తిరిగిచ్చెయ్యమన్నారు. ముందురోజు రాత్రి మెత్తటి గుడ్డతో తుడిచాను, ఉన్న మూడు గీతలకీ కారణాలు మనసులో వరసగా పెట్టుకున్నాను, ఇసుక రేణువు ప్రస్తావన కూడా సిద్ధం చేసుకున్నాను. కౌంటర్‌లో కుర్రాడు మూత తెరవనే లేదు. తిరగేసి, అడుగున స్టిక్కరు మీది నంబరు రాసుకుని, పక్కనున్న అట్టపెట్టెలో అప్పటికే పడున్న పదకొండు ల్యాప్‌టాప్‌ల మీదకి గర్రుమనేలా జారవిడిచాడు.

"చార్జరు, సార్?"

ఇచ్చాను. దాని మీద ఒక్క గీత కూడా లేదు, అదీ చూడలేదు వాడు.